మునుపు నడవని త్రోవ

వేదపాఠము. చదువవలసిన భాగములు: యెహోషువ 3, 4 అధ్యాయములు, 5:10–12, ద్వితీయోపదేశకాండము 11:10–12. కంఠస్థము చేయవలసిన వచనము: యెహోషువ 3:4.



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సంఘములలో మేము ఇంటింటి దర్శనమునకు వెళ్లునప్పుడు విశ్వాసులు మమ్మును అడుగు ప్రశ్నలలో సిద్ధాంతములను గూర్చినవి బహు కొద్ది. కుమార్తెను నర్సు శిక్షణకు హైదరాబాదు పంపుచున్న తండ్రి, కుమారుడు విదేశమునకు విమానమెక్కిన దినమునుండి నిద్రపట్టని తల్లి, భర్తను సమాధిచేసి మొదటిసారి ఒంటరిగా బ్యాంకు గడప తొక్కవలసిన స్త్రీ, ఉద్యోగ విరమణయైన పిమ్మట ప్రొద్దుపోక అరుగుమీద కూర్చున్న ఉపాధ్యాయుడు, వీరందరును ఒక్క మాటనే పలుకుచుందురు: "అయ్యగారూ, ఇట్లాంటిది మా ఇంట్ల ఎన్నడు జరగలే."

ఈ మాట విన్నప్పుడెల్ల యొర్దాను గట్టున దిగియున్న ఇశ్రాయేలీయులు మాకు జ్ఞాపకమునకు వచ్చుదురు. వారును అట్టివారే. ఎదుట నది, ఆవల ఎరుగని దేశము. నాయకులు పాళెములో తిరిగి జనులకు చెప్పిన మాటలలో, ఈ త్రోవ మీరు ఇంతకుముందు నడచినది కాదను సంగతి దాచబడలేదు. భయపడుదురేమోయని దానిని మరుగుపరచలేదు. దేవుని వాక్యములో మేము మిక్కిలి మెచ్చుకొను గుణములలో ఇది యొకటి. క్రొత్తదానిని అది పాతదని చెప్పదు.

మేఘము లేని ప్రయాణము

ఈ అధ్యాయములను చదువువారు సాధారణముగా నది నిలిచిపోయిన అద్భుతమునే చూచెదరు. ఈ మారు మరియొక సంగతిని గమనింపుడి. నలువది సంవత్సరములు ఈ జనులను నడిపించినది మేఘస్తంభము. అది లేచిన లేచిరి, నిలిచిన నిలిచిరి (సంఖ్యా. 9:15–23). యెహోషువ గ్రంథమంతయు వెదకినను ఆ మేఘము వారికి ముందు నడచినట్లు ఒక్క వచనమైనను లేదు. దాని స్థానమున యాజకులు మోయు నిబంధన మందసము ముందు నడచినది. మేఘము ఆకాశమున కనబడునది. మందసము మనుష్యుల భుజములమీద వచ్చునది.

మారినది అది యొక్కటే కాదు. మోషే మరణించెను. ఎఱ్ఱసముద్రమును పెద్దవారై దాటినవారిలో యెహోషువయు కాలేబును తప్ప ఎవరును మిగులలేదు. ఎఱ్ఱసముద్రమునొద్ద రాత్రియంతయు తూర్పుగాలి వీచి, నీళ్లు విడిపోయి, నేల ఆరిన తరువాతనే జనులు అడుగుపెట్టిరి. యొర్దానునొద్ద అట్లు కాదు. యాజకుల పాదములు నీటి అంచున మునిగిన తరువాతనే నీళ్లు ఆగినవి. మరి కొన్ని దినములకు మన్నాయు మానిపోయెను.

నాయకుడు మారెను, దారిచూపు గురుతు మారెను, నది దాటు విధము మారెను, ఆహారము మారెను. మారనివాడు దేవుడొక్కడే. క్రొత్త అనుభవములలో మనలను కలవరపెట్టునది ముఖ్యముగా ఇదియేయని మేము తలంచుచున్నాము. దేవుని సహాయము మనము ఎరిగిన రూపములో రాదు. పాత రూపము కనబడక పోగానే దేవుడే మనలను విడిచెనని మనము అనుకొందుము. మేఘముకొరకు ఆకాశమును వెదకుచు, ఎదుట నడచుచున్న మందసమును చూడక పోవుదుము.

రెండువేల మూరలు

మందసమునకును జనులకును నడుమ రెండువేల మూరల ఎడముండవలెనని ఆజ్ఞ. మన లెక్కకు ఒక కిలోమీటరుకు కొంచెము తక్కువ. మందసము పరిశుద్ధమైనది గనుక దూరముగా నుండవలెనని పలువురు వ్యాఖ్యానించిరి. అది సత్యమే. అయితే వచనము తానే ఒక కారణము చెప్పుచున్నది: వెళ్లవలసిన త్రోవ వారికి తెలియుటకు. ఊరేగింపులో అందరును ముందుకు త్రోసికొనినయెడల మొదటి వరుసవారికే దారి కనబడును, వెనుకనున్న ముసలివారును చంకబిడ్డల తల్లులును ముందువారి వీపులనే చూచెదరు. దూరమున నున్నది అందరికిని కనబడును.

ఒక యౌవనుడు పట్టణములో క్రొత్త ఉద్యోగమునకు వెళ్లిన మూడు నెలలకు మాయొద్దకు వచ్చి, ఊరిలో నున్నప్పుడు ప్రార్థనలో దేవుడు దగ్గరగా నుండెననియు, అక్కడ గదిలో మోకరించిన ఏమియు తోచుటలేదనియు చెప్పి కన్నీరు పెట్టుకొనెను. నీవు పాపము చేసితివా యని అడుగుట బోధకులకు సులభము. మేము అట్లు అడుగలేదు. ఈ వచనమును తీసి చదివితిమి. ఎడము ఉన్నంత మాత్రమున విడువబడినట్లు కాదు.

అయితే ఒక హెచ్చరిక. పాదము నీటిలో పెట్టుటయే విశ్వాసమని విని, వాగు పొంగుచున్నప్పుడు మోటారు సైకిలు దింపువారు కలరు. ప్రతి వానకాలమున పత్రికలలో ఆ వార్తలు చదువుచునే యున్నాము. యాజకులు తమంతట తాము దిగలేదు. మాట వచ్చిన తరువాత దిగిరి. దేవాలయ శిఖరమునుండి దుముకుమని చెప్పినవాడు కూడ లేఖనమునే ఎత్తి చెప్పెను (మత్తయి 4:5–7). విచారింపక అప్పు తెచ్చి వ్యాపారము పెట్టి, దానికి విశ్వాసమని పేరుపెట్టి, పిమ్మట నష్టము వచ్చినప్పుడు దేవునిమీద నిష్ఠురమాడుట తగదు.

ఆదాము ఊరి నీళ్లు

నది ఎక్కడ ఆగెను? జనులు నిలిచిన చోట కాదు. చాలా దూరమున, సారెతాను ప్రక్కనున్న ఆదాము అను పురమునొద్ద నీళ్లు ఏకరాశిగా నిలిచినవని 3:16 చెప్పుచున్నది. వారి కన్నులకు ఆ స్థలము కనబడదు. కనబడినది తమ యెదుట తగ్గిపోవు నీరు మాత్రమే. సహాయము వారికి కనబడని చోట మొదలాయెను.

మన ప్రాంతపు రైతునకు ఇది వివరింపనక్కరలేదు. సాగరులో తూము ఎత్తిన దినముననే చివరి ఆయకట్టు పొలమునకు నీరు రాదు. పెద్ద కాలువ నిండవలెను, మేజరు నిండవలెను, పిల్లకాలువలోనికి దిగవలెను. చివరి రైతు కట్టమీద నిలిచి ఎండిన అడుగును చూచుచుండగనే, పైన ఎక్కడనో నీరు బయలుదేరియుండును. ఆ నీటిని మన ప్రాంతము మొదటిసారి చూచిన కాలమును గూర్చి ఇప్పుడు కొంత చెప్పుకొందము. క్రొత్త అనుభవమనగా నేమో మనకు అంతకంటె బాగుగా నేర్పునది మరియొకటి లేదు.

వాన దేశము, కాలువ దేశము

నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు విడుదల చేసెను. లాల్‌బహదూరు పేరు పెట్టబడిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మీదుగా ఖమ్మము జిల్లా వైపు సాగిపోవును. అంతకుముందు ఈ నేలలలో జొన్న, సజ్జ, ఆముదము, కంది, పెసర. చెరువు క్రిందను బావి క్రిందను కొద్దిపాటి వరి. మృగశిర కార్తెలో మబ్బు పట్టకపోయిన ఊరంతయు ఆకాశము వైపు చూచెడిది. సంఘములో వానకొరకు ఉపవాస ప్రార్థనలు జరిగెడివి.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 11:10–12 చూడుడి. విడిచివచ్చిన ఐగుప్తులో కూరతోటకువలె కాలితో నీరు కట్టిరి. వెళ్లు దేశమో ఆకాశపు వాననీటిని త్రాగునది, ఎల్లప్పుడు దేవుని కన్నులు దానిమీద నుండునని మోషే చెప్పెను. అనగా ఇశ్రాయేలీయులు కాలువ దేశమునుండి వాన దేశమునకు వెళ్లిరి. మన పెద్దలు వాన దేశముననే పుట్టి, ఉన్నచోటనే యుండగా కాలువ దేశము వారియొద్దకు వచ్చెను. వారు దాటినది ఎదురుత్రోవ.

దాటుట వారికి సులభము కాలేదు. నారు పోయుట, దమ్ము చేయుట, వరుస తప్పక నాట్లు వేయుట మెట్ట సేద్యగాండ్రకు చేతకాని పని. మడిలో నీరు ఎంత నిలుపవలెనో, ఎప్పుడు తీయవలెనో తెలియదు. కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి వచ్చిన రైతులకు ఆ విద్య తెలియును. వారిని చూచి నేర్చుకొన్నవారు నిలిచిరి. కాలువ వచ్చినను మనకేమి లాభమని ముందుగనే భూమిని చౌకగా అమ్ముకొని, తరువాత అదే పొలములో కూలికి వెళ్లినవారును కలరు. మన విశ్వాసులలో భూమిలేనివారే ఎక్కువ గనుక వారికి వచ్చినది కొంగు నడుమునకు చుట్టి మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేయు క్రొత్త కష్టము. దానితోబాటు ఏటికి రెండుమార్లు పనియు వచ్చెను. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు లేచినవి, హమాలీలకు పని దొరికెను, పిల్లలు బడికి పోయిరి.

కాబట్టి క్రొత్త అనుభవమనగా శ్రమయొక్కటే కాదు. మేలును ఒక క్రొత్త అనుభవమే. మా అనుభవములో శ్రమకంటె మేలునే విశ్వాసముతో మోయుట కష్టము. కడుపునిండ తిని మంచి ఇండ్లు కట్టుకొనిన తరువాత దేవుని మరచెదరేమోయని మోషే భయపడెను (ద్వితీ. 8:11–14). అడవిలో మరచెదరని అంతగా భయపడలేదు. పాత దినములలో కోత పండుగకు జొన్న కంకులు, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు బలిపీఠమునొద్ద పోసెడివారని పెద్దలు చెప్పుదురు. స్త్రీలు ప్రతిపూట వంటకు బియ్యమో జొన్నలో కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసెడివారు. ఇప్పుడు కవరులో నోటు పెట్టి ఇచ్చుచున్నాము. కొందరు ఫోనులోనే పంపుచున్నారు. అది తప్పని మేము అనము. సంఘపు కొత్త రేకులు ఆ సొమ్ముతోనే వేసితిమి. అయితే పొయ్యియొద్ద దినమునకు రెండుమార్లు ప్రభువును తలంచుకొను ఆ అలవాటు కుండతోబాటే పోయినది. దానికి బదులు ఏమి పెట్టుకొంటిమి?

కాలువ నీరు మనుష్యునిది, వాననీరు దేవునిదియని అనుకొనుట కూడ పొరపాటు. కృష్ణానది పుట్టునది మహాబలేశ్వరపు కొండలలో. ఆ పడమటి కొండలమీద కురిసిన వానయే మన పిల్లకాలువలోనికి వచ్చునది. 2023లో నదీప్రాంతమున వానలు తగ్గగా సాగరు నిండక, మన ఆయకట్టు రైతులు మరల ఆకాశము వైపు చూచిరి. మరుసటి సంవత్సరము, 2024 సెప్టెంబరు మొదటి దినములలో, పడవలసినదానికంటె ఎక్కువ పడెను. కోదాడలో ఇండ్లలోనికి నీరు వచ్చెను. నడిగూడెము మండలములో ఎడమ కాలువకే గండిపడి పొలములు మునిగినవి. యాబదియేండ్లకు పైగా అన్నము పెట్టిన కాలువ అట్లు తెగునని ఎవరు అనుకొనిరి? ఆ వారము ఆదివారమున ఏమి ప్రసంగింపవలెనో మాకు తోచలేదు. సంఘమంతయు కలిసి బురద నిండిన ఇండ్లు కడుగుటకు వెళ్లితిమి.

మన్నా మానిన దినము

యెహోషువ 5:10–12 చిన్న భాగము. చదువువారు తరచుగా దాటిపోవుదురు. యెరికో మైదానమున పస్కా ఆచరించిరి. మరునాడు ఆ దేశపు పంటను, పొంగనివాటిని, వేచిన ధాన్యమును తినిరి. తినిన మరునాడు మన్నా మానిపోయెను. అప్పుడు బాల్యములో నున్నవారికి మన్నా తప్ప వేరు ఆహారము తెలియదు. ఉదయమున గుడారము విడిచి వచ్చి, నేల ఖాళీగా నుండుట చూచిన పిల్లవాడు తల్లితో ఏమనియుండును?

మన సంఘ చరిత్రలో అట్టి ఉదయము ఒకటి యున్నది. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములకు మొదట సువార్త పరిచర్యను స్థిరపరచినవారు అమెరికనులు కారని మనలో అనేకులకు తెలియదు. దక్షిణ రష్యాలో నివసించిన జర్మను భాషీయులైన మెన్నోనైట్ సహోదర సంఘమువారు తమలోనుండి అబ్రాహాము ఫ్రీజెను దొరను, ఆయన భార్య మరియను పంపిరి. వారు 1889లో ఈ దేశమునకు వచ్చి, 1890లో నల్లగొండలో నివసింపసాగిరి. అమెరికను బాప్తిస్టు తెలుగు మిషనుతో కలిసి పనిచేసిరి. పిమ్మట వచ్చిన హ్యూబర్టు దొర సూర్యాపేటలో పరిచర్య చేసెను. గోధుమ పండు చలిదేశపువారికి ఎండయు తెలుగును నైజాము రాజ్యమును ఎంత క్రొత్తవో ఆలోచింపుడి. వారిని పోషించిన కానుకలు రష్యాలోని పల్లెటూళ్ల రైతులవి.

1914లో యుద్ధము, 1917లో విప్లవము వచ్చెను. రష్యానుండి రావలసిన కానుకలు ఆగిపోయెను. పంపుచుండిన సంఘములే కరవులో పడెను. ఇక్కడ బడులు, ఉపదేశకులు, ఆసుపత్రి పనులు అన్నియు ఆ సొమ్ముమీదనే ఆధారపడియుండెను. మన్నా మానెను. అయితే పని మానలేదు. అమెరికను బాప్తిస్టులు ఆ భారమును వహించిరి. తరువాతి దశాబ్దములలో మిషను ధనమును క్రమముగా తగ్గి, భారము ఈ నేలమీది సంఘములకే వచ్చెను. అప్పుడు ఇక సంఘములు మూతపడునని చెప్పినవారు లేకపోలేదు. కూలిచేసి బ్రతుకువారి కానుకతో బోధకుని జీతము ఎట్లు వచ్చునని అడిగిరి. కొన్ని మందిరములు శిథిలమగుట నిజమే, దానిని దాచనక్కరలేదు. అయినను వేచిన ధాన్యము మన్నావలె ఆకాశమునుండి పడదు, దున్ని, విత్తి, కోసి, వేచి తినవలెను. దేవుడు ఇచ్చుట మానలేదు. ఏరుకొను చేతులు ఇక కోయు చేతులు కావలసివచ్చెను.

ఇందులో ఒక చిక్కు నున్నది. ఇశ్రాయేలీయులకు క్రొత్త పంట చేతికి వచ్చిన తరువాతనే మన్నా మానెను. నడుమ ఒక్క దినమైనను ఆకలి లేదు. మన ఇండ్లలో అట్లు జరుగుట లేదే! పాతది ఈ దినమున పోవును, క్రొత్తది ఎప్పుడు వచ్చునో తెలియదు. ఈ నడిమి దినములను గూర్చి సెమినారీలో మాకు ఎవరును బోధింపలేదు. ఒక స్త్రీ బోధించెను.

మేము పరిచర్యకు వచ్చిన క్రొత్తలో మా సంఘములో ఒక హమాలీ హఠాత్తుగా మరణించెను. ఇద్దరు చిన్నపిల్లలు. భూస్థాపన జరిగిన మూడవ దినమున మేము వెళ్లి, దేవుడు విధవరాండ్రకు న్యాయకర్తయను కీర్తన భాగమును చదివి, వివరించి, దీర్ఘముగా ప్రార్థించితిమి. మంచి మాటలే చెప్పితిమని మాకు తోచెను. ఆమె తలవంచుకొని విని, చివరకు ఇట్లనెను: "దేవుడున్నడని నాకు ఎరుకనే అయ్యగారూ. రేపు పొద్దుగాల లేచి పొయ్యి ఎట్ల రాజెయ్యాల్నో అది తెలుస్తలేదు."

మేము ఏమియు చెప్పలేక వచ్చితిమి. పొయ్యి రాజేయుట ఆమెకు రాకనా? అతడు తెల్లవారుజామున మిల్లుకు వెళ్లువాడు గనుక ఆమె అంతకుముందే లేచి వండెడిది. ఇక ఎవరికొరకు లేవవలెనో ఆమెకు తెలియలేదు. ఆ మాటలను గడపయొద్ద కూర్చున్న ఒక ముసలమ్మ వినెను. చదువురాదు, సంఘములో సాక్ష్యము చెప్పుమన్నను లేచునది కాదు. ఆమె మరునాడు చీకటితోనే కందికట్టె మోపుతో వచ్చి, పొయ్యి రాజేసి, గంజి కాచి, పిల్లలను లేపెను. అట్లు నలువది దినములు వచ్చెను. ప్రార్థన చేసినట్లు మాకు ఎవరును చెప్పలేదు. పిమ్మట మిర్యాలగూడ బ్యాంకునకు వెంటబెట్టుకొని పోయెను, పింఛను కాగితములకు మండల కార్యాలయమునకు పోయెను. ఆమెకును ముప్పది యేండ్ల క్రిందట పెనిమిటి పోయెనని మాకు ఆ తరువాత తెలిసెను. తాను ఒకప్పుడు పొందిన ఆదరణతో ఇతరులను ఆదరించుటను గూర్చి పౌలు వ్రాసినది (2 కొరింథీ 1:3–4) మేము గ్రీకు వ్యాకరణముతో చదివియుంటిమి. అర్థమైనది ఆ పొయ్యియొద్ద.

మన్నాకును క్రొత్త పంటకును నడుమ ఖాళీ దినములున్నప్పుడు, దేవుడు ఆ ఖాళీని పొరుగువారి చేతులతో నింపవలెనని కోరుచున్నాడని మేము నమ్ముచున్నాము. సంఘము ఆ పని చేయనియెడల, క్రొత్త త్రోవన పడినవాడు దేవుడు లేడని అనుకొనిన తప్పు వానిదొక్కనిదే కాదు. మందసము మనుష్యుల భుజములమీద వచ్చునని మొదట చెప్పితిమి గదా. మోయువారు మోయకపోయిన దారి ఎవరికిని కనబడదు.

ఆ విధవరాలు నేడు సంతకము చేయును. సంఘములో ఎవరి ఇంట మరణము సంభవించినను, మేము వెళ్లకముందే అక్కడ నుండును.

గిల్గాలు రాళ్లు

నది దాటిన తరువాత పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. పిల్లలు ఈ రాళ్లేమని అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెను (యెహోషువ 4:20–24). రాళ్లు మాటలాడవు, అడుగు పిల్లలును చెప్పు పెద్దలును ఉండవలెను. మన ఇండ్లలో చెప్పు పెద్దలు వెళ్లిపోవుచున్నారు, అడుగవలసిన పిల్లలు ఫోను చూచుకొనుచున్నారు. అందుచేత ఈ నెల ఆదివారపు బడి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎనుబది యేండ్లు దాటిన పెద్దవారి యొద్దకు పిల్లలను తీసికొనిపోయి, మీరు మొదటిసారి భయపడిన సంగతి ఏది, అప్పుడు ఎవరు వచ్చిరి అని అడిగించి, వ్రాయించి, మాకు పంపుడి. మంచి తెలుగులో వ్రాయనక్కరలేదు. వారు పలికినట్లే వ్రాయుడి.

మేమును ఒకరిని అడిగితిమి. కాలువ వచ్చినప్పుడు ఆయన యువకుడు. మంచముమీద లేచి కూర్చుండి ఇట్లు చెప్పెను: "నీళ్లొస్తున్నయంటే ఊరంత కట్టమీదికి ఉరికినం. పోరగాండ్లు నీళ్లకు ముందల ముందల ఉరికిండ్రు. ఎండుటాకులు, కట్టెపుల్లలు, బురద, అన్ని నూకుకుంట వచ్చినయి. నాకైతే సంతోషమో భయమో తెల్వలే. మా ఆముదం చేను ఏమైతదో అనుకున్న. మా నాయన మాత్రం చెప్పులిడిసి నీళ్లల్ల దిగిండు. నన్ను సుత రమ్మన్నడు."

దిగితివా తాతా యని అడిగితిమి.

"ఎంటనే దిగలే. కొంచెంసేపు నిలబడ్డ. అటెన్క దిగిన. చల్లగున్నయి."